కొర్రమట్టల సాక్ష్యం

మిర్యాలగూడ నుంచి కోదాడ పోయే రోడ్డు మీద, పట్నం వాసన వదిలి వడ్ల వాసన మొదలయ్యే చోట శ్రీనివాస్ రెడ్డి రైసుమిల్లు ఉంది. సుందరమ్మ ఎవరినీ నమ్మదన్న సంగతిని ఆ మిల్లులో అందరూ నమ్ముతారు. కొట్లో చాపత్తా కొంటే పొట్లం విప్పించి, వాసన చూసి, మళ్లీ కట్టించుకుంటుంది. ఆటో ఎక్కితే పక్కనుంచి తల బయటపెట్టి డ్రైవరు ఏ దారిన పోతున్నాడో చూస్తూనే ఉంటుంది, ఊరికి ఉన్నది ఒకటే దారి అయినా సరే. ఆదివారం ప్రార్థనలో పాస్టరుగారు కళ్లు మూసుకోమన్నప్పుడు ఒక కన్నే మూస్తుంది. హమాలీలు ఆమెకు సీఐడీ అని పేరు పెట్టారు. ఆమె కోపం తెచ్చుకోలేదు. "సీఐడీలకు జీతం బాగనే ఉంటదంట. పేరు పెట్టినోళ్లు ఆ జీతం గూడ ఇప్పియ్యిండ్రి" అన్నది.

ఈ గుణం ఆమెకు ఊరికే రాలేదు. పుట్టిల్లు నడిగూడెం. తల్లి కోతకు పోతే సాయంత్రం కూలి గింజలు మానికతో కొలిచి పోసేవాళ్లు. మానిక మీద గింజలు గోపురంలా నిలిచేవి, చూస్తే కడుపు నిండేది. తొమ్మిదేళ్ల సుందరమ్మ ఒకనాడు ఖాళీ మానికను చేతిలోకి తీసుకుని ఆడుకుంటూ దాని అడుగు తడిమింది. అడుగు లోపలికి నొక్కి ఉంది, పిడికిలి పట్టేంత. పిల్ల ఆ మాట అందరి ముందూ పైకి అనేసింది. తరవాత వారం దాకా తల్లిని ఎవరూ పనికి పిలవలేదు. తల్లి కొట్టలేదు, తిట్టలేదు. అంబలి పోస్తూ మాత్రం చెప్పింది: "అడుగు సూసుడు మంచిదే బిడ్డా. సూసినదాన్ని ఎప్పుడు చెప్పాలెనో, అది ఇంక నేర్సుకోవాలె."

మొదటి సగం సుందరమ్మకు ఆ పూటే వచ్చేసింది. రెండో సగానికి నలభై ఏడేళ్లు పట్టింది.

మెట్టినిల్లు మిల్లుకు రెండు మైళ్ల దిగువన, వాగు ఒడ్డున ఉన్న చిన్న పల్లె. భర్త దేవసహాయం నడుము పడిపోయే దాకా బస్తాలు మోశాడు, ఇప్పుడు రెండు బర్లను మేపుకుంటాడు. పెళ్లయిన కొత్తలో ఆయన బాప్తిస్మం తీసుకుంటే ఆమె కూడా తీసుకుంది. మరిది మల్సూర్ తీసుకోలేదు. "అన్న ఒక దేవునికి జవాబు చెప్తె సాలు. నాకు ముగ్గురు నలుగురు ఉన్నరు, తీరిక లేదు" అని నవ్వేవాడు. ఆ ఇంట్లో మతం మీద ఎప్పుడూ తగువు రాలేదు. నీళ్ల మీద వచ్చింది, అది తరవాత.

సుందరమ్మ మిల్లులో చేరింది కల్లం పనికి. నానబెట్టి ఉడికించిన వడ్లను గచ్చు మీద ఆరబోసి, ఎండలో కాళ్లతో చాళ్లు తీస్తూ తిరగెయ్యాలి. అరికాలికి వేడి తగిలిన తీరును బట్టి ఏ చాలు ఆరిందో, ఏది ఆరలేదో ఆమెకు తెలిసిపోయేది. ఆరబెట్టే మిషన్లు వచ్చాక కల్లంతో పని లేకపోయింది. దాని మీద మట్టి పోసి, పచ్చగడ్డి పెంచి, "పచ్చని మిల్లు" అని బోర్డు పాతారు. సుందరమ్మను నీళ్ల తొట్టి మీదికి మార్చారు.

ఉప్పుడు బియ్యం కావాలంటే వడ్లను వేడినీళ్లలో గంటల తరబడి నానబెట్టాలి. నానిన నీళ్లు కల్లు రంగులోకి మారి పులుస్తాయి. ఏళ్ల తరబడి ఆ నీళ్లను మిల్లు వాగులోకే వదిలింది. వాగులో పరక చేపలు చచ్చి తేలాయి, బర్లు మూతి పెట్టడం మానేశాయి. ఊరివాళ్లు కలెక్టరాఫీసు ప్రజావాణిలో ఫిర్యాదు కాగితం పెట్టారు. అదే ఏడు, ఇక్కడి బియ్యం కొనే విదేశీ కంపెనీ కూడా ఒక షరతు పెట్టింది. నీళ్లు శుద్ధి చేసి వదిలే మిల్లు బస్తా మీద ఆకుపచ్చ ఆకు ముద్ర వేస్తామని, ముద్ర లేని మిల్లు సరుకు కొనమని. అట్లా పుట్టింది శుద్ధి తొట్టి. శ్రీనివాస్ రెడ్డి దాన్ని వాగు మీద ప్రేమతో కట్టలేదు, కట్టక తప్పలేదు కాబట్టి కట్టాడు. కట్టాక మాత్రం వచ్చినవాళ్లందరినీ చెయ్యి పట్టుకుని తీసుకుపోయి చూపించుకునేవాడు.

ఊరు మాత్రం నమ్మలేదు. గ్రామసభలో ఒకటే గోల. అప్పుడు సుందరమ్మ లేచి నిలబడింది. "తొట్టి మీద పని నాదే. నీళ్లు చెడ్డనాడు అందరికన్న ముందు నేనే వచ్చి చెప్త. చెప్పకపోతె నన్ను అడుగుండ్రి."

 మొదట నోరు తెరిచింది మల్సూరే. "మా వదిన నేను పోసిన చాయ్‌ని గూడ ఊది సూసి తాగుతది. ఆమెనే పూచీ పడుతున్నదంటె ఇగ మనకేంది పరేషాన్." అందరూ నవ్వారు. కాగితం వెనక్కి తీసుకున్నారు. సుందరమ్మ బతుకులో ఒక వస్తువుకో మనిషికో పూచీ పడటం అదే మొదలు.

తొట్టిని చూసుకునే ఇంజనీరు అలేఖ్య. సూర్యాపేట పిల్ల, ఇరవై ఏడేళ్లు, మందపాటి కళ్లద్దాలు. మొదటిరోజు పని చెప్తూ అన్నది: "అమ్మా, ఈ నీళ్లల్ల కోట్ల జీవాలు ఉంటయ్. మురికిని అవే తింటయ్. మనం వాటికి గాలి అందియ్యాలె, అంతే."

"కనబడతయా?"

"కంటికి కనబడవు."

"కనబడనిదాన్ని నమ్ముడు నాకు ఆదివారం పూటనే కష్టమైతది. మిగిలిన ఆరు రోజులు గూడ నమ్మమంటె ఎట్ల బిడ్డా?"

అలేఖ్య నవ్వి, తొట్టిలోంచి ఒక గాజు జాడీ నిండా గోధుమరంగు నీళ్లు ముంచి గట్టు మీద పెట్టింది. "అరగంట సూడుండ్రి" అన్నది. సుందరమ్మ రెప్ప వెయ్యకుండా చూసింది. మెల్లగా మట్టి లాంటిదేదో కిందికి దిగి అడుగున పేరుకుంది, పైన తేట నీరు నిలిచింది. తొలకరి పడ్డ చెలక నేల వాసన వచ్చింది. జీవాలు బతికి ఉంటే అడుగు అట్లా పేరుకుంటుందని, చచ్చిపోతే నీళ్లు నల్లబడి కుళ్లిన గుడ్డు కంపు కొడతాయని అలేఖ్య చెప్పింది. అడుగు కళ్లతో చూశాక సుందరమ్మకు నమ్మక తప్పలేదు. అప్పట్నుంచి వాటిని "కనబడని బర్లు" అనేది. మిల్లు నడవని నెలల్లో బెల్లం నీళ్లు, పేడ కలిపి వాటికి మేతగా పోసేది. "ఇంట్ల రెండే ఉన్నయ్. గీడ మందకు మంద ఉన్నది" అనేది.

కనబడని బర్లకూ ఒక లెక్క ఉంది. రోజుకు రెండుసార్లు నానబెట్టిన నీళ్లను తినగలవు. మూడోసారిది వస్తే చస్తాయి.

శుద్ధి అయిన నీళ్లు బయటికి పోయే ముందు ఒక చిన్న సిమెంటు కుండీలో నిలిచేవి. అందులో అయిదు బంగారుతీగ చేపలను వదిలారు. చేపలు బతికి ఉన్నాయంటే నీళ్లు మంచివని చూసినవాళ్లకు చెప్పకుండానే తెలుస్తుంది. వాటిలో ఒకదానికి తోక చివర చిరిగి ఉండేది. పొద్దున్నే వచ్చి తోక చిరిగినదాన్ని చూశాకే సుందరమ్మ చీపురు పట్టేది.

నాలుగేళ్లు అట్లా గడిచాయి.

ఆ ఏడు యాసంగి పంట మీదపడ్డట్టు వచ్చింది. కోతమిషన్లు ఒక్కసారే అన్ని ఊళ్లలో దిగాయి. ట్రాక్టర్ల వరస మిల్లు గేటు నుంచి కాలువ కట్ట దాకా సాగింది. పైన మబ్బు. వరస చివర్లో మల్సూర్ ట్రాక్టరు. వడ్లలో పచ్చి ఇంకా ఉంది, వాన పడితే రాశి మీదే మొలకెత్తుతాయి.

శ్రీనివాస్ రెడ్డి తొట్టి దగ్గరికి వచ్చాడు. వెంట మిల్లు మేనేజరు వంశీ. సుందరమ్మ నాచు గీకుతూ చెవి అటే ఉంచింది.

"అలేఖ్యమ్మా, రేపట్నుంచి మూడుసార్లు నానబెడుతున్నం" అన్నాడాయన.

"తొట్టి ఆగదు సార్. రాసి గూడ ఇచ్చిన."

"సదివిన. నీ మాట నాకు తెల్వక కాదు. గేటు బయట సూడు. వాళ్ల ఒడ్లు తడిస్తె కంపెనీ కాలర్ పట్టుకోరు, నా కాలర్ పట్టుకుంటరు. ఓడేమో ఇరవయ్యో తారీఖున కదులుతది. ఒక్క పదిహేను ఇరవై రోజులు. తరువాత నీ జీవాలకు నేనే నిలబడి బెల్లం పోస్త."

సుందరమ్మ చీపురు ఆపింది. "పటేలా, సచ్చినంక బెల్లం పోస్తె తింటయా?"

"నువ్వు నీ పని సూసుకో సుందరమ్మా" అన్నాడు వంశీ, ఫోనులోంచి తలెత్తకుండానే.

"గదే సూస్తున్న సారూ" అన్నదామె.

తొట్టి పక్కనుంచి ఒక గొట్టం నేరుగా వాగులోకి పోతుంది. తొట్టి పొంగి గోడ కూలే ప్రమాదం వస్తేనే దాన్ని తెరవాలి. దానికి ఒక ఇనుప చక్రం. ఆ సాయంత్రం ఇంటికి పోయే ముందు సుందరమ్మ చీర అంచులోంచి ఒక దారం లాగి, చక్రానికీ పక్కనున్న కడ్డీకీ కలిపి ముడి వేసింది. బర్రె పలుపుకు వేసే ముడి. ఎవరు చక్రం తిప్పినా దారం తెగక మానదు.

మూడో పొద్దున దారం తెగి ఉంది. కింద తడి మట్టిలో బూటు అచ్చు. వంశీ బూట్లు వేసుకుంటాడు. అలేఖ్య కూడా వేసుకుంటుంది గానీ సుందరమ్మ అనుమానం అటు పోలేదు. ఎందుకు పోలేదో ఆమెకే తరవాత ఆశ్చర్యమేసింది. కళ్లద్దాల పిల్ల, అడుగు చూపించిన పిల్ల. ఆ ఒక్కచోట సీఐడీ కళ్లు మూసుకుంది, అదీ రెండూ.

ఆ రోజే ఊరికి పోయి చెప్పవలసింది. చెప్పలేదు. ఎవరు తిప్పారో తేలకుండా ఏమని చెప్తాం అనుకుంది. వంశీని చేతిలో చక్రంతో పట్టుకున్నాక చెప్తే మాటకు బలం ఉంటుంది అనుకుంది. మానిక సంగతి తొందరపడి అన్నందుకు తల్లి వారం పస్తులున్నదని కూడా తనకు తనే గుర్తుచేసుకుంది. మళ్లీ దారం కట్టింది. మళ్లీ తెగింది. నీళ్లు గోధుమ రంగు పోయి బూడిద రంగుకు, ఆపైన నలుపుకు తిరిగాయి. జాడీ ముంచి పెడితే అరగంటకు కాదు, గంటకు కూడా అడుగు పేరుకోలేదు.

"ఎండలు గదా అమ్మా, గట్లనే ఉంటది" అన్నది అలేఖ్య, అటు తిరిగి.

గేటు దగ్గర మల్సూర్ పట్టుకున్నాడు. వారంగా ట్రాక్టరు కిందే పడుకుంటున్నాడు, గడ్డం మాసి ఉంది. "వదినా, లోపల జర చెప్పి నాది ముందు దింపియ్యరాదే."

"వాగు నీళ్లు ఎట్లున్నయ్ మల్సూరూ?"

"నేనేమో మబ్బు సంగతి చెప్తుంటె నువ్వు వాగు సంగతి అడుగుతున్నవ్."

"మీ అన్న బర్లు తాగుతున్నయా?"

"అన్న బోరు కాడికి తోలుకపోతున్నడు" అన్నాడు మల్సూర్. ఆ మాట నోరు జారిందని తెలిసి గడ్డం గోక్కున్నాడు. "సీజన్ల కొంచెం వాసన వస్తది తియ్యి. మిల్లు నడవాలె గదా ముందు. మాకు లేని బాధ నీకెందుకు?"

సుందరమ్మ వెనక్కి వచ్చేసింది. దేవసహాయం బర్లను బోరు దగ్గరికి తోలుకుపోతున్న సంగతి ఆమెతో ఒక్క ముక్క అనలేదు. ఆయనకూ తెలుసన్నమాట. మరి ఇంకెంతమందికి తెలుసు?

ఆ వారాంతం తమ్ముడి కొత్తింటి ప్రవేశానికి నడిగూడెం పోయి రెండు రోజులుండి వచ్చింది. రాగానే అలవాటు ప్రకారం కుండీలోకి చూసింది. అయిదు చేపలున్నాయి. హాయిగా తిరుగుతున్నాయి. తోక చిరిగినది లేదు.

వంగి చూసింది. ఒళ్లు పొడుగు, నలుపు. తల పాము తల. ఒకటి మెల్లగా పైకి వచ్చి, నోరు తెరిచి గాలి మింగి మళ్లీ కిందికి పోయింది. కాసేపటికి ఇంకొకటి.

కొర్రమట్టలు.

చెరువు కింద పుట్టిన ఏ పిల్లకైనా తెలుసు, కొర్రమీను అని కూడా పిలిచే ఈ చేప సంగతి. చెరువు ఎండితే బురదలో దాక్కుని నెలలు బతుకుతుంది. నీళ్లు ఎట్లా ఉంటే దానికేం, పైకొచ్చి గాలి మింగుతుంది.  చక్రం తిప్పడం ఒక ఎత్తు. ఇది ఇంకో ఎత్తు. బంగారుతీగలు బతకని నీళ్లలో ఏ చేప బతుకుతుందో తెలిసినవాడు, తీరిగ్గా ఆలోచించి చేసిన పని. "ఈ వంశీ అనుకున్నంత పిల్లగాడు కాదు" అనుకుంది. కంపెనీ తరఫున తనిఖీకి మనిషి వస్తున్నది ఎల్లుండే.

తనిఖీ రోజు పొద్దున్నే ఆమె గోడ వారగా నిలబడి కాపు కాసింది. వంశీ రాలేదు. చేతిలో ప్లాస్టిక్ సంచితో వాచ్‌మన్ గేమ్యా వచ్చాడు. పదిహేనేళ్లుగా గేటు దగ్గర ఉన్న మనిషి. సంచిలోంచి కోడి పేగుల ముక్కలు తీసి, పిల్లలకు అన్నం పెట్టినంత ముద్దుగా ఒక్కొక్కటీ కుండీలో వేస్తున్నాడు.

"ఎవరు తెమ్మన్నరు గేమ్యా ఇవిటిని?"

గేమ్యా ఉలిక్కిపడలేదు. పళ్లు కనబడేట్టు నవ్వాడు. "సూసినవా అక్కా, ఎట్లున్నయో. మా తండ కుంటల పట్టిచ్చిన. దీనికన్న మంచి చేప మన జిల్లాల లేదు."

"తెమ్మన్నదెవరు అంటున్న."

"అలేఖ్య మేడమ్. పాతయి సచ్చి తేలినయ్ గదా, నువ్వు ఊర్ల లేవు. తనికీకి వస్తున్నరు గేమ్యా, తొందరగ సావని గట్టి చేపలు తెచ్చిపెట్టు అన్నది. గట్టి చేప అంటె ఇదే గదా. వాళ్లిండ్ల చేప వండరు, ఆమెకేం తెలుస్తది, నేనే ఏరి తెచ్చిన." ఆయన మొహంలో దొంగతనం జాడ లేదు. చుట్టాలు వస్తుంటే పెద్ద కోడిని పట్టుకొచ్చిన మనిషి సంబరం ఉంది. "పెద్దోళ్లు సూడవస్తె సిన్న చేపలు బాగుండవు అక్కా."

ఇన్నాళ్లు ఆమె కట్టుకున్న కుట్రంతా ఆ కోడి పేగుల ముందు కూలిపోయింది. కుట్ర లేదు. తెలివి గలవాడు లేడు. చచ్చిన చేపల బదులు బతికే చేపలు కావాలన్న పిల్ల ఉంది, మంచివే తేవాలనుకున్న ముసలివాడు ఉన్నాడు.

అలేఖ్య ఆఫీసు గదిలో కాగితాలు సర్దుకుంటున్నది. సుందరమ్మ తలుపు దగ్గరే నిలబడి అడిగింది: "చక్రం తిప్పుతున్నది నువ్వేనా బిడ్డా?"

 ఆ పిల్ల కళ్లద్దాలు తీసి చున్నీతో తుడిచింది. "తొట్టి గోడ దాక వచ్చింది అమ్మా. గోడ కూలితె పక్కన బాయిలర్ కాడ మనుషులున్నరు. మూడుసార్లు రాసిచ్చిన. ఈ వారం గడవనీ అన్నరు. మొదటిరోజు తిప్పినంక రాత్రంత నిద్ర పట్టలే. నాలుగో రోజు అలవాటైంది." కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని అన్నది. "ఆ దారం కడుతున్నది మీరేనని నాకు తెలుసు. రోజూ తెంపేటప్పుడు, ఇయ్యాల వచ్చి నన్ను అడుగుతరేమో అనుకున్న. మీరు అడగలేదు."

 సుందరమ్మ వేళ్లు మడిచి చూసుకుంది. మొదటి దారం తెగి పదకొండు రోజులు.

తనిఖీకి వచ్చిన ఆమె పేరు సింధూజ. నలభై ఏళ్లుంటాయి, నూలు చీర, చేతిలో పలక లాంటి కంప్యూటరు. శ్రీనివాస్ రెడ్డి ముందు నడుస్తూ బాయిలర్ చూపించాడు, ఊక చూపించాడు, పచ్చగడ్డి బోర్డు చూపించాడు. చివరికి కుండీ దగ్గరికి వచ్చారు. ఆయన ఆ కుండీలోకి చూసి ఎన్నాళ్లయిందో. చూశాడు. చెరువు కింద పెరిగిన మనిషే, గుర్తుపట్టాడు. గొంతు సవరించుకుని పక్కకు తిరిగి నిలబడ్డాడు.

"చేపలు బాగున్నాయే" అన్నది సింధూజ. ఫొటో తీసుకుంది. పలక మీద బాగుందన్నట్టు వేలితో గీటు పెట్టింది. తరవాత, పెళ్లిలో వంటవాళ్లను పలకరించినట్టు, సుందరమ్మ వైపు తిరిగింది. "ఏమ్మా, పని ఎలా ఉంది? నీళ్లు బాగా శుభ్రం అవుతున్నాయా?"

అవునంటే సరిపోతుంది. తల ఊపినా చాలు. గేటు అవతల ట్రాక్టర్ల హారన్లు వినబడుతున్నాయి, వాటిలో మల్సూర్‌ది కూడా ఉంది. సుందరమ్మకు ఎందుకో గ్రామసభ గుర్తు రాలేదు. ఖాళీ మానిక గుర్తొచ్చింది, వేలికి తగిలిన ఆ గుంట.

పక్కనున్న వల తీసుకుని కుండీలో పెట్టి ఒక కొర్రమట్టను ఎత్తింది. తెచ్చి అందరి ముందు నేల మీద, తడి మట్టిలో వదిలింది. అది గిలగిల కొట్టుకోలేదు. పొట్ట మీద రెండు మూరలు పాకి, ఆగి, దవడలు ఆడించింది.

"దీన్ని గంట ఇట్లనే ఉంచినా సావదమ్మా" అన్నది సుందరమ్మ. "దీన్ని సాక్ష్యం పెట్టుకుంటె మురిక్కాలువ గూడ పాసైతది. మా బంగారుతీగలు సచ్చినయ్. తొట్టిల జీవాలు సచ్చినయ్. పదకొండు రోజుల సంది నీళ్లు అట్లనే వాగుల కలుస్తున్నయ్. జాడీ తెస్త, పైన కాదు, అడుగు సూడు."

వంశీ ఏదో అనబోయాడు. శ్రీనివాస్ రెడ్డి చెయ్యి అడ్డం పెట్టాడు.  కొర్రమట్ట ఇంకో మూర పాకింది. గేమ్యా వచ్చి దాన్ని రెండు చేతులతో పట్టి కుండీలో వేశాడు. అంత మంచి చేపను మట్టిలో ఎందుకు పడేశారో ఆయనకు అర్థం కాలేదు.

సింధూజ మొహంలో ఆశ్చర్యం లేదు. సుందరమ్మ అది గమనించింది. అలాంటివి గమనించకుండా ఉండటం ఆమెకు చేతకాదు. "నీకు ముందే తెలుసు" అన్నది.

"నాది కోదాడే అమ్మా" అన్నది సింధూజ, నెమ్మదిగా. "మా నాన్నతో చేపల మార్కెట్‌కి వెళ్లేదాన్ని. కొర్రమీను తెలియకుండా ఎలా ఉంటుంది?"

"తెలిసి గీటు పెట్టినవ్."

"పెట్టాను." ఆమె పలక వైపు చూసుకుంది. "మా ఆఫీసులో నన్ను రెండు ప్రశ్నలు అడుగుతారు. నీళ్లు శుభ్రంగా ఉన్నాయా, సరుకు ఓడకి అందుతుందా. మొదటిది ఏడాదికి ఒకసారి అడుగుతారు. రెండోది రోజూ పొద్దున్నే అడుగుతారు."

శ్రీనివాస్ రెడ్డి నుదురు తుడుచుకున్నాడు. "సుందరమ్మా, నీ మరిది లైన్లనే ఉన్నడు. మూడోది ఆపితె లైను సగం కదలదు. వాన పడితె వాళ్లకు ఏం చెప్పాలె?"

"వాళ్లకు చెప్పెటిది మీరు చెప్పుండ్రి పటేలా. వాగు సంగతి నేను చెప్తనని ఊర్ల మాటిచ్చిన. ఆ మాట ఇప్పటికే పదకొండు రోజులు పాసిపోయింది."

సింధూజ గీటు చెరిపేసింది. ఒకసారి నలుగురు విన్నాక గీటు ఉంచడం ఆమె వల్ల కాలేదో, ఉంచితే రేపు తన మెడకే చుట్టుకుంటుందని అనుకుందో, ఎవరికీ తెలియదు. తొట్టి బాగయ్యే దాకా ముద్ర ఆపాలని రాసింది. ఆ ఓడకు పోవలసిన సరుకులో సగం ఇంకో మిల్లుకు పోయింది.

మూడోసారి నానబెట్టడం ఆగింది. శ్రీనివాస్ రెడ్డి రెండు రోజులు ఆఫీసు గది దాటి రాలేదు. మూడోరోజు "పచ్చని మిల్లు" బోర్డు పీకించి, గడ్డీ మట్టీ చెక్కించి, పాత కల్లం మీద వడ్లు దింపించాడు. నానబెట్టడానికి వంతు వచ్చే దాకా టార్పాలిన్ పట్టాలు కప్పి ఉంచమన్నాడు. కూలీలు దొరక్క సుందరమ్మ కూడా దిగి కాళ్లతో చాళ్లు తీసింది. అరికాళ్లు దేన్నీ మరిచిపోలేదు. నాలుగో రోజు వాన పడింది. పట్టాలు సరిపోని రాశులు తడిశాయి.

మల్సూర్ అప్పటికే లేడు. లైను ఆగిందని తెలిసిన గంటలో ట్రాక్టరు తిప్పుకుని సూర్యాపేట వైపు పోయి, ఇంకో మిల్లులో తరుగు తీస్తే తీశారని దింపేసి వచ్చాడు. ఆ మిల్లుకు శుద్ధి తొట్టే లేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక సుందరమ్మ ఊరి మధ్యన నిలబడి చెప్పింది. నీళ్లు చెడ్డాయని, పదకొండు రోజులు చెప్పలేదని, చెప్పకపోవడం తన తప్పని. ఊరు చీవాట్లు పెడుతుందనుకుంది. ఊరు అంతకన్నా చిత్రంగా ఊరుకుంది. అందరికీ తెలుసు. వాసన అందరి ముక్కులకూ తగిలింది. సీజను అయిపోయాక అడుగుదామని ఎవరికి వాళ్లు అనుకున్నారు. ఒక ముసలాయన మాత్రం అన్నాడు: "నీ పూచీ మీద మేము కాగితం వాపస్ తీసుకున్నం సుందరమ్మా. నువ్వు మా ఒడ్లు ఆపి మాట నిలబెట్టుకున్నవ్." అది మెచ్చుకోలో, ఎత్తిపొడుపో ఆమె ఎంత ఆలోచించినా తేల్చుకోలేకపోయింది. మల్సూర్ ఎదురైతే వదినా అనడం మానేశాడు. మొహం అటు తిప్పుకుని "మా అన్న భార్య" అంటున్నాడట.

ఇంటికి పోయాక దేవసహాయాన్ని అడిగింది. "బోరు కాడికి తోలుకపోతున్నవని నాకు ఎందుకు చెప్పలే?"

"చెప్తె నువ్వు ఏం చేస్తవో తెల్వక" అన్నాడాయన. మళ్లీ అన్నాడు: "తెలిసి గూడ."

బెల్లం, పేడ, గాలి. ఇరవై రెండో రోజు జాడీలో అడుగు పేరుకుంది. సుందరమ్మ అరగంట చాలక గంట చూసింది. తొలకరి చెలక వాసన రవ్వంత తగిలింది. కొత్తగా అయిదు బంగారుతీగలు వదిలితే రెండు పోయాయి, మూడు నిలిచాయి. కొర్రమట్టలను ఏం చెయ్యాలని గేమ్యా అడిగాడు.

"కూర వండుకుందమా అక్కా?"

"అవి ఏ నీళ్లల్ల పెరిగినయో నీకు తెల్వదా?"

గేమ్యా ఆలోచించి, వాటిని సంచిలో వేసుకుని తండా కుంటలోనే వదిలి వచ్చాడు.

శ్రీనివాస్ రెడ్డి ఒకనాడు పిలిచి, పక్క గొట్టం చక్రానికి గొలుసు వేయించి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. "ఇగ నువ్వే ఉంచుకో. నీకు తెల్వకుండ ఎవరూ తిప్పరు." మాట సూటిగానే ఉంది. మొహం కూడా. సుందరమ్మ చెవిని కొంగున కట్టుకుని, దండం పెట్టి వచ్చింది. తాళాలకు రెండో చెవి కూడా ఇస్తారు కొట్లో. ఆ రెండోది ఏమైందని ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు.

వానాకాలం నాట్లు అయిపోయాయి. మళ్లీ కోతలు వస్తాయి, మళ్లీ వరస కాలువ కట్ట దాకా సాగుతుంది. ఇంకో ఓడ తారీఖు ఎవరో ఎక్కడో ఇప్పటికే రాసి ఉంటారు. సుందరమ్మ పొద్దున్నే వచ్చి ముందు కుండీలో మూడు చేపలను చూస్తుంది. తరవాత చక్రం దగ్గరికి పోతుంది. గొలుసు ఉంటుంది, తాళం ఉంటుంది, వాటి వెనక, కనబడీ కనబడకుండా, చీర అంచు దారం ఉంటుంది. వంగి ముడిని వేలితో తడుముతుంది. పలుపు ముడి. తనదే. అలేఖ్య ఆ ముడిని పదకొండు రోజులు దగ్గరగా చూసిన సంగతి, చూసినవాళ్లు అట్లాంటిదే మళ్లీ వెయ్యగలరన్న సంగతి మనసులో మెదులుతాయి.

ముడి విప్పి, దారం పారేసి, కొంగులోంచి కొత్త దారం లాగుతుంది.